బండ మీద పోసిన నీళ్లు

నాంపల్లిలో టైర్లమ్మే ఆయన, ఎవరొచ్చినా ముందు తాను తాగే సీసా వంచి గడప బండ మీద నీళ్లు పోసేవాడు. ఆ తడి మీద రెండు టైరు ముక్కలు మనచేతే రుద్దించేవాడు. ఒకటి జారేది, ఒకటి ఆగేది.

"ఎండల రెండూ పట్టుకుంటయి సార్. వానల జూడుర్రి" అన్నాడు నాతో. ఆ మండుటెండలో నాకు వాన గుర్తుకు రాలేదు. ఎక్కువ కాలం అరగదని జారేదే కొన్నాను.

తొలివానకు ఆబిడ్స్‌లో బ్రేకు తొక్కితే కారు జారుకుంటూ వెళ్లి, గొడుగు పట్టుకున్న ఒకామెకు జానెడు దూరంలో ఆగింది.

మర్నాడు ఎండ కాసింది. వెళ్లి చెప్పాను.

"నేనేం జెయ్యాలె సార్? అందరు గిట్లనే" అంటూ, అప్పుడే వచ్చినాయన ముందు సీసా వంచాడు.

"అది సరేగానీ, ఎన్ని కిలోమీటర్లు వస్తయి?" అన్నాడు వచ్చినాయన, చెప్పులు తడవకుండా పక్కకు జరుగుతూ.