మావయ్య కారులో రెండు ఆంప్లిఫయర్లు

మా మావయ్యకి ఒక్క వస్తువు కొనడం చేతకాదు. ఏది కావాలన్నా రెండు తెస్తాడు, ఒకటి చవకది, ఒకటి ఖరీదైనది. రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఇంట్లోవాళ్ళనీ, ఇరుగుపొరుగునీ, పాపం కరెంటు మీటరు చూడటానికి వచ్చినాయన్ని కూడా కూర్చోబెట్టి అడుగుతాడు.

"తేడా తెలుస్తోందా?"

తెలుస్తోందంటే అదేమిటో చెప్పమంటాడు. తెలియడం లేదంటే ఇంకోసారి చూడమంటాడు. మీటరాయన ఇప్పుడు గేటు బయటినుంచే అంకెలు చదువుకుని పోతున్నాడు.

మావయ్య ఉద్యోగం చేసినన్నాళ్ళూ తూనికలు కొలతల ఆఫీసులో చేశాడు. షాపుల్లో తూకం రాళ్ళు సరిచూడటం ఆయన పని. రిటైరయ్యాక రాళ్ళు పోయాయి గానీ అలవాటు పోలేదు. వాళ్ళ హాల్లో ఇప్పటికీ రెండు ఫాన్లున్నాయి. వచ్చినవాళ్ళు మంచినీళ్ళు చవక ఫాను కింద తాగి, కాఫీకి లేచి ఖరీదు ఫాను కిందికి వెళ్ళాలి. ఒకసారి కుండపోత వానలో రెండు చేతుల్లో రెండు గొడుగులు పట్టుకుని మార్కెట్‌కి వెళ్ళాడు. కుడివైపు కాసేపు, ఎడమవైపు కాసేపు పరీక్షించి, నిలువునా తడిసి ఇల్లు చేరాడు.

"గొడుగులు రెండూ భేషుగ్గా ఉన్నాయి. తప్పు నాదే, మధ్యలో నిలబడ్డాను" అన్నాడు తల తుడుచుకుంటూ.

"అన్నీ పోల్చి చూసే మనిషి, నన్ను చేసుకునేటప్పుడు మాత్రం పక్కన ఇంకొకర్ని పెట్టి చూడలేదు" అని అత్తయ్య గర్వంగా చెప్పుకునేది.

"ఎందుకు చూడలేదు మావయ్యా?" అని అడిగాను ఒకసారి.

"మీ అత్తయ్య నాన్నగారు పోలీసు."

ఇలాంటి మావయ్య కారుకి ఆంప్లిఫయర్ కొన్నాడు. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా టైలరింగ్ షాపు సంగతి చెప్పాలి.

షాపు మా అమ్మదీ పిన్నిదీ. అమ్మ కత్తిరిస్తుంది, పిన్ని కుడుతుంది, నేను కాజాలు తీసి బొత్తాలు వేస్తాను. అమ్మ కుడితే దిండు గలీబు కూడా మెలితిరుగుతుంది. పిన్ని కత్తిరిస్తే ఆ బట్టకి సరిపోయే మనిషిని మళ్ళీ వెతుక్కోవాలి. ఒకరు లేకపోతే రెండోవారికి పూట గడవదు. ఈ సంగతి వాళ్ళిద్దరికీ తప్ప అందరికీ తెలుసు.

ఒక బడివాళ్ళు పిల్లల కోట్లకి ఆర్డరిచ్చారు. కోటు చేతులు కత్తిరించేటప్పుడు గుడ్డని లోపలివైపు లోపలివైపుకి తగిలేలా మడిచి పరవాలి. అప్పుడే ఒక కుడి చెయ్యీ ఒక ఎడమ చెయ్యీ వస్తాయి. ఆ రోజు పిన్ని గుడ్డని మడవకుండా పొరమీద పొర పరిచింది. అమ్మ చూసుకోకుండా కత్తెర ఆడించేసింది. గుడ్డ తాను మొత్తం అయిపోయి, చేతులు కుట్టి కోట్లకి తగిలించబోతే అన్నీ ఎడమ చేతులే.

"పరిచింది నువ్వు" అంది అమ్మ.

"కోసింది నువ్వు" అంది పిన్ని.

అంతే, మాటలు ఆగిపోయాయి. కొత్త గుడ్డ తెచ్చి కోట్లు ఇచ్చేశారు గానీ పలకరింపులు మాత్రం మళ్ళీ రాలేదు. ఇద్దరి మధ్యా చెయ్యి చాచేంత దూరం. ఆ దూరానికి పోస్టుమాన్ని నేను.

"మీ పిన్నిని ఆ టేపు ఇలా ఇవ్వమను."

"పిన్నీ, అమ్మ టేపు ఇవ్వమంటోంది."

"వినబడింది. ఇవ్వనని చెప్పు."

"అమ్మా, పిన్ని ఇవ్వనంటోంది."

"నాకేం చెవుడా? వినబడింది."

నెలలు ఇలాగే గడిచాయి. చివరికి పిన్ని బేకరీ పక్కన ఒక గది చూసుకుంది. నెలాఖరుకి ఖాయం చేస్తానని దాని ఓనరుతో చెప్పిందట. అమ్మ ఆ మాట విని, "పోతే పోనీ" అని నాతోనే అని, సుద్దముక్క చేతిలో విరిచేసింది. నాకు నిజంగా భయమేసింది. షాపు పోతుందని కొంత. కానీ ఒకసారి విడి గదుల్లోకి వెళ్ళిపోతే ఈ అక్కచెల్లెళ్ళు మళ్ళీ ఈ జన్మలో మాట్లాడుకోరేమోనని అంతకంటే ఎక్కువ.

రోజూ పొద్దున్నే మమ్మల్ని షాపు దగ్గర దించేది మావయ్యే, వాళ్ళిద్దరికీ అన్నయ్య. నేను ముందు సీట్లో. వెనక అమ్మ ఒక కిటికీ వైపు, పిన్ని ఇంకో కిటికీ వైపు. మధ్యలో ఇంకో ఇద్దరు కూర్చునేంత ఖాళీ.

అలాంటి ఒక పొద్దున మావయ్య అన్నాడు. "ఈ కారులో పాటలు బొత్తిగా బాగాలేవు. ఆంప్లిఫయర్ పెట్టించాలి."

నాకు ఒళ్ళు మండింది. ఇక్కడ కొంప మునుగుతుంటే ఈయనకి పాటలు కావలసి వచ్చాయా!

ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని కారు ఆడియో షాపుకి వెళ్ళాడు. షాపతను ఓపికమంతుడు. రెండు డబ్బాలు కౌంటరు మీద పెట్టాడు.

"ఇది చవకది సార్. మామూలుగా వినడానికి పరవాలేదు. సౌండు బాగా పెంచితే గొంతు బొంగురుపోతుంది, వేడెక్కుతుంది. ఇది ఖరీదైనది. ఎంత పెంచినా పాటలో ప్రతి వాయిద్యం విడిగా వినిపిస్తుంది. ఏళ్ళ తరబడి చెక్కుచెదరదు."

"ఏది తీసుకోమంటావు?"

"మీరు కారులో ఎక్కువగా ఏం వింటారు సార్?"

మావయ్య కాస్త ఆలోచించి, "ప్రస్తుతానికి ఏమీ వినబడటం లేదు బాబూ" అన్నాడు.

తర్వాత నన్ను మంచినీళ్ళ సీసా కొనుక్కు రమ్మని పంపి అతనితో ఏదో గుసగుసలాడాడు. బేరమాడుతున్నాడనుకున్నాను. నేను తిరిగి వచ్చేసరికి షాపతను నవ్వాపుకుంటూ డిక్కీలోకి దూరి ఉన్నాడు.

మర్నాడు కారెక్కేసరికి గేరు పక్కన కొత్త స్విచ్ ఒకటి కనిపించింది. అటు నొక్కితే ఎర్ర లైటు, ఇటు నొక్కితే పచ్చ లైటు.

"రెండు ఆంప్లిఫయర్లూ పరీక్షకని తెచ్చి బిగించాను. ఎరుపు ఒకటి, పచ్చ రెండు" అన్నాడు మావయ్య. "ఏది చవకదో, ఏది ఖరీదైనదో చెప్పను. నా చెవులు పాతబడ్డాయి, మీరే తేల్చాలి. ఇద్దరూ ఒకే మాట చెబితేనే కొంటాను. ఆ డిక్కీ మాత్రం ఎవరూ తెరవద్దు, వైర్లు కదిలిపోతాయి."

పాట పెట్టి స్విచ్ అటూ ఇటూ నొక్కాడు. "తేడా తెలుస్తోందా?"

"మీ మావయ్యతో చెప్పు, ఒకటి బాగుందని" అంది అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ.

"రెండు బాగుందని చెప్పు" అంది పిన్ని, అవతలి కిటికీలోంచి చూస్తూ.

అమ్మ ఒకటి అనడం వల్లే పిన్ని రెండు అందని నాకు తెలుసు. మావయ్యకీ తెలిసే ఉంటుంది. కానీ ఆయన తీర్పు వినే జడ్జిలా తలాడించి, "రేపు మళ్ళీ చూద్దాం" అన్నాడు.

మళ్ళీ చూశాం. రోజూ చూశాం. అమ్మా పిన్నీ పాటలు ఎరగరు గానీ బట్టలు ఎరుగుదురు. కాబట్టి విమర్శలన్నీ ఆ భాషలోనే వచ్చాయి.

"ఒకటి గంజిపెట్టి ఇస్త్రీ చేసినట్టు నిలబడుతోంది. రెండు నలిగిపోయింది" అని అమ్మ.

"ఒకటికి అసలు లైనింగే లేదు. రెండే నిండుగా ఉంది" అని పిన్ని.

"రెండులో పోగులు లేస్తున్నాయని చెప్పు."

"ఒకటి భుజాల దగ్గర పట్టేసిందని చెప్పు."

నేను అటూ ఇటూ మోసీ మోసీ అలిసిపోయాను. ఒక పొద్దున పాట హోరులో పిన్ని మాట నాకు సరిగ్గా వినబడక, అమ్మకి చేరవేయడం ఆలస్యమైంది. అమ్మ ఆగలేకపోయింది. గిర్రున అటు తిరిగింది.

"అది నిండుదనమా? నీకు అసలు చెవులున్నాయా?"

"నీకున్నాయా? ఆ గరగర వినబడటం లేదూ?"

తిట్టుకుంటున్నారు! సూటిగా, మధ్యలో నేను లేకుండా తిట్టుకుంటున్నారు! అంత తియ్యటి మాటలు నేనెప్పుడూ వినలేదు. మావయ్య వైపు చూశాను. ఆయన అద్దం సరిచేసుకుంటూ, "తేడా తెలుస్తోందన్నమాట" అన్నాడు తనలో తాను.

ఆ రోజునుంచి నా పోస్టు ఉద్యోగం ఊడింది. పొద్దున కారులో మొదలైన వాదన షాపులోకి వచ్చేది. మిషను చప్పుడు మధ్యలో కూడా సాగేది. "ఆ కిటికీ దగ్గర నీకేం వినిపిస్తుంది, ఇటు జరిగి కూర్చుని విను" అని అమ్మ అంటే, పిన్ని పంతంగా మధ్యకి జరిగింది. "అయితే నువ్వూ ఇక్కడే విను" అని అమ్మని లాగింది. ఇద్దరి తలలూ తగిలేంత దగ్గరగా కూర్చుని, కళ్ళు మూసుకుని, ఆంప్లిఫయర్‌ని ఆడిపోసుకున్నారు.

"లైటు చూసి చెబుతోంది" అని ఇద్దరూ ఒకరిమీద ఒకరు చాడీ చెప్పారు. నెలాఖరు దగ్గరపడుతుండగా ఒక పొద్దున మావయ్య లైట్లు కనబడకుండా స్విచ్ మీద ఒక గుడ్డ తొడిగాడు. నేను తేరిపార చూసి బిగుసుకుపోయాను. అది ఆ కోటు చెయ్యి! మిగిలిపోయిన ఎడమ చేతుల్లో ఒకటి. ఎవరడిగారు ఈయన్ని, మానిన పుండు కెలకమని!

మావయ్య ఏమీ ఎరగనట్టు ఆ చేతిలోకి తన చెయ్యి దూర్చి స్విచ్ నొక్కాడు. "ఇప్పుడు చెప్పండి. ఒకటా, రెండా?"

పాట మోగుతోంది. ఇద్దరూ ఆ గుడ్డనే చూస్తున్నారు. అయిపోయింది, బేకరీ పక్క గది ఖాయం అనుకున్నాను.

"అన్నయ్యా, అది కుడి చెయ్యా, ఎడమ చెయ్యా?" అంది పిన్ని, నెమ్మదిగా.

అమ్మ గొంతు సవరించుకుంది. "మన దగ్గర కుడి చేతులు ఎక్కడివే!"

పిన్ని ముందు ముక్కుతో నవ్వింది. తర్వాత అమ్మ భుజంమీద పడి నవ్వింది. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "రెండు చేతులూ ఒకేవైపు ఉన్న పిల్లలెవరైనా దొరికితే బాగుండును" అంది. ఆ మాటకి ఇద్దరూ మళ్ళీ మొదలెట్టారు. మావయ్య కారు పక్కకి ఆపాల్సివచ్చింది. మెడమీదినుంచి బస్తా దించినట్టయింది నాకు. నేనూ నవ్వాను, కాస్త ఏడ్చాను కూడా.

ఆ పొద్దునే ఇద్దరూ ఒక్కమాటకి వచ్చారు. రెండే బాగుంది.

"తేడా తెలుస్తోంది కదా?"

"చెవిటివాళ్ళకైనా తెలుస్తుంది అన్నయ్యా. ఖరీదైనది రెండే, సందేహం లేదు" అంది పిన్ని. అమ్మ తలూపింది. షాపు తాళం తీస్తూ పిన్ని నాతో, "బేకరీ దగ్గరి గది ఓనరుకి ఫోను చేసి వద్దని చెప్పెయ్యవే" అంది, మామూలు మాటలాగా.

సాయంత్రం ఆడియో షాపు ముందు ఆగి, అమ్మనీ పిన్నినీ కారులోనే కూర్చోబెట్టి, నేనూ మావయ్యా దిగాం. షాపతను డిక్కీ తెరిచాడు. తొంగి చూశాను. ఒక్కటే ఆంప్లిఫయర్ ఉంది, చవకది. రెండోది లేనే లేదు. స్విచ్ నుంచి వచ్చిన తీగ కొస దేనికీ తగలకుండా, టేపు చుట్టుకుని ఊరికే వేలాడుతోంది; ఆ స్విచ్ మార్చేది లైటునే.

"ఖరీదైనది ఇంకా డబ్బాలోనే ఉందమ్మా. సార్ బిగించవద్దన్నారు" అన్నాడు షాపతను నవ్వుతూ.

"మావయ్యా! ఇన్నాళ్ళూ ఒకటే వినిపించావా?"

"నెమ్మదిగా" అని కారువైపు చూశాడు మావయ్య. "నిజంగా రెండూ బిగిస్తే ఖరీదైనదే బాగుండేది. మొదటిరోజే ఇద్దరూ, 'మీ మావయ్యతో చెప్పు, ఇదే బాగుంది' అని తేల్చేసి, మళ్ళీ చెరో కిటికీ చూసుకునేవాళ్ళు. తేడా లేకపోతేనే కదే వాదన తెగకుండా సాగేది!"

"మరి ఇప్పుడు ఏది కొంటావు?"

"ఇది చాలు. మనవాళ్ళకి ఇదే ఖరీదైనది." షాపతనివైపు తిరిగి, "ఆ స్విచ్ మాత్రం ఉండనియ్యి బాబూ. మళ్ళీ ఎప్పుడైనా పనికొస్తుంది" అన్నాడు.

నేను పుట్టి బుద్ధెరిగాక మా మావయ్య ఒక వస్తువుని ఒక్కటే కొనడం అదే మొదలు.

తిరుగు దారిలో పాట పెట్టమన్నాను. ఆయన పెట్టలేదు. వెనక సీట్లో అమ్మా పిన్నీ ఎడమ చేతులన్నింటినీ విప్పి పిల్లలకి పెన్నుల సంచులు కుట్టడమెలాగా అని ఒకరి మాట ఒకరు తోసేస్తూ వాదించుకుంటున్నారు. ఇద్దరి గొంతులూ సమానంగా, పూర్తి వాల్యూములో మోగుతున్నాయి. మావయ్య అద్దంలో వాళ్ళని ఒకసారి చూసుకుని, నావైపు వంగి అడిగాడు.

"తేడా తెలుస్తోందా?"

"తెలుస్తోంది మావయ్యా" అన్నాను. అదేమిటో చెప్పమని ఆ ఒక్కసారి మాత్రం ఆయన అడగలేదు.