నీడ మర్చిపోయిన ఫోటో

ఆ రోజుల్లో మా వైపు ఫోటో అంటే మనిషి ఫోటోనే. కొండను ఫోటో తీయించుకునేవాళ్లు కూడా ఉంటారని పెళ్లయి చంద్రగిరికి వచ్చాకే తెలిసింది. కొండ ఎక్కడికి పోతుంది గనక, పోయే మనుషులకు కదా ఫోటో కావలసింది అనుకునేదాన్ని. (నాకు చదువు సంతకం దాకే వచ్చు. నేను చెప్తుంటే పక్కింటమ్మాయి రాసిపెడుతోంది. ఈ మాట దగ్గర ఆగి నా మొహం చూసింది. రాయమ్మా, రాయి.) మా ఆయన అక్కడ ఒక ఫోటో స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చునే పని చేసేవాడు. స్టూడియోకి బేరమంతా ఊరి చివరి కల్యాణ మండపం నుంచే వచ్చేది. ఆ మండపం యజమానిని అందరూ మండపం మామ అనే పిలిచేవాళ్లు. భోజనాల షెడ్డులో గోడ బోడిగా ఉందని, దాని నిండుగా కోట కొండ ఫోటోను ఫ్లెక్సీ వేయించి కట్టమని ఆయన మా ఆయనకు చెప్పాడు. మా ఆయన ఒక్కడే చేతబట్టిన మొదటి పెద్ద పని అది. బాగా వస్తే చంద్రగిరిలో మా ఒంటి గది కాపురం నిలుస్తుంది, చెడితే పాకాలలో మా అత్త ఇంటికి మూట కట్టాల్సిందే. మా అత్తకూ నాకూ ఉన్న పొత్తు తెలిసినవాళ్లకు నా భయం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

తీరా ఫోటో తీసిన రోజు ఆకాశం నిండా మబ్బు. ఎండ లేదు, నీడ లేదు. కొండ, చెనక్కాయల చేను, ఆకాశం మూడూ ఒకే కుండలో కలిపిన అంబలిలా ఉన్నాయి. మండపంలో పెళ్లి దగ్గర పడింది, మళ్లీ తీసే వ్యవధి లేదు. స్టూడియోలో ఆయన వెనక స్టూలు వేసుకుని కూర్చున్నాను. "రోంత ఎండ పెట్టు," అన్నాను, పప్పు రుచి చూసి ఉప్పు చాలలేదని చెప్పినట్టు. "ఎండ పెట్టేదానికి నేనేమన్నా సూర్యుడినా?" అన్నాడు గానీ, పెట్టాడు. తెలుపు ఉన్నచోట ఇంకా తెలుపు చేశాడు, నలుపు ఉన్నచోట ఇంకా నలుపు. బండలకు ఒకవైపు పచ్చటి ఎండ పూసి, రెండోవైపు చీకటి చేశాడు. ప్రతి చెట్టు కిందా ఒక నీడ గీశాడు, చివరికి చేలో మేసే మేకకు కూడా. కొండ లేచి నిలబడింది. అయినా ఆయనకు తృప్తి లేదు. "కన్ను ఆనేదానికి ముందర ఒకటి కావల్ల," అని మా పెళ్లి ఫోటోలు తెరిచాడు. ఎర్రచీరలో తల వంచుకుని నడిచి వస్తున్న నన్ను కత్తిరించి, చేని గట్టు మీద పెట్టాడు. "ఇప్పుడు సూడు," అన్నాడు. చూశాను. అంత పెద్ద కొండ ముందు నేనొక్కదాన్నే. సిగ్గూ వేసింది, గర్వమూ వేసింది.

మండపంలో ఆ పెళ్లి జరిగిన రోజు, ఫ్లెక్సీ కట్టిన గోడకెదురుగా మేమిద్దరమూ భోజనాల వరసలో కూర్చున్నాం. (నేను ఆ ఎర్రచీరే కట్టుకుని పోయాను. ఎవరైనా గుర్తుపడతారేమోనని ఆశ.) నా పక్కన ఒక అవ్వ సాంబారన్నం కలుపుతూ కలుపుతూ గోడ వైపు చూసి చెయ్యి ఆపింది. "ఏమ్మే, మేకకు నీడుండాది. ఆ పిల్లకు యాడుండాది నీడ?"

"నిజమేనే," అంది ఆమె అవతల కూర్చున్నామె. "నీడ లేకుండా తిరిగేది యేంది మరి?"

ఆ తిరిగేదాని పేరు ఎవరూ చెప్పకముందే సగం వరస ఆకుల ముందు నుంచి లేచింది. ఒకామె నా చీర చూసింది, గోడ చూసింది, మళ్లీ నన్ను చూసి బిడ్డను అవతలికి లాక్కుంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నేనూ వంగి నా కాళ్ల కింద చూసుకున్నాను. చుట్టూ ట్యూబులైట్లు, ఆ షెడ్డులో ఎవరికీ సరైన నీడ లేదు. ఆ మాట వినేదెవరు.

మండపం మామ చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు. "ఏమప్పా, పెండ్లి మండపంలో దయ్యాన్ని తెచ్చి నిలబెడితివే. పొద్దుగూకే లోపల ఆ పిల్లను తీసేయ్. లేకుంటే కొండను సుట్టుకోని నువ్వూ పో."

గట్టు రంగు ఇంత పూసి నన్ను చెరిపేస్తే సరిపోతుంది. నేనే అన్నాను, "తీసేయ్, నేను ఈడే ఉండాను కదా" అని. ఆయన నా వైపు చూడలేదు. "దాన్నెందుకు తీసేది మామా? నీడే కదా కావల్ల, పెడతా," అన్నాడు.

గేట్లకు వేసే నల్ల పెయింటు, నిచ్చెన తెచ్చాడు. నీడ ఎట్లా పడుతుందో చూడటానికి నన్ను బయట నిలబెట్టాడు. ఆ రోజూ మబ్బే. చివరికి ఊహ మీద గీశాడు. బ్రష్షు చీపురంత లావు. కొప్పు లేదు, కొంగు లేదు. వెడల్పు భుజాలతో, లుంగీ ఎగ్గట్టుకున్న నీడ ఒకటి నా కాళ్ల దగ్గర నుంచి చేని మీదికి సాగింది. వడ్డించే అతను కింద నుంచి చూసి, "అన్నా, ఇది వదిన నీడ కాదు, నీది," అన్నాడు. షెడ్డంతా నవ్వు. మండపం మామ చాలాసేపు చూసి, "పోనీలేప్పా. పెండ్లాం కాళ్లకాడ్నే పడుండాడు. దయ్యానికి ఇట్లాంటి మొగుడు దొరుకుతాడా. ఉండనీ," అన్నాడు. పని నిలిచింది, మా గదీ నిలిచింది. నేను మాత్రం ఇంటికి వచ్చి, అంత లావు నీడ నాది కాదంటే కాదని సణిగి అన్నం మానేశాను. ఆయన బతిమాలలేదు. "ఎవురిదో ఒకరిది. ఇద్దురికీ సరిపోతాది, తిను," అన్నాడు.

ఆయన పోయాక అదే మండపంలో ఆకులెత్తే పనికి కుదిరాను. అందరూ తిని వెళ్లాక, ఖాళీ బెంచీల మధ్య ఒక ఆకు వేసుకుని ఆ గోడకెదురుగా కూర్చుంటాను. పొద్దున పూట ఎండ షెడ్డులోకి నేరుగా కొట్టి ఫ్లెక్సీ వెలిసిపోయింది. ముందు ఆయన పూసిన ఎండ పోయింది, తర్వాత నా ఎర్రచీర. ఇప్పుడది మళ్లీ తీసిన నాటి మబ్బే. గట్టు మీద నేనున్నానని తెలుసు కాబట్టి నాకు కనిపిస్తాను, ఇంకెవరికీ కనిపించను. గేటు పెయింటు మాత్రం గట్టిది.

మొన్న కొత్తగా పనికొచ్చినామె ఆకులు మడుస్తూ అడిగింది. "అక్కా, మనిషి లేకుండా నీడొకటే పడుండాదే, ఎవురిదది?"

"నాది," అన్నాను.

ఆమె ఆ భుజాలు చూసింది, నన్ను చూసింది. ఆ ఒక్క మాట ఒప్పుకోలేక ఆ రోజు అన్నం మానేసిన పిల్ల గుర్తొచ్చి, నోట్లో ముద్దతోనే నవ్వాను. పొలమారింది. ఆమె లేచి వచ్చి నా నెత్తిన తట్టి, నీళ్ల గ్లాసు చేతికిచ్చింది. "ఎవురో తలుసుకుంటా ఉండార్లే అక్కా," అంది.