బుడ్డలు వొలిచేకాడ దొరికిన హంతకుడు

సస్పెన్సు నవలలు రాసేది యాడ నేర్చుకున్నావని తెలిసినోళ్లు నన్ను అడుగుతారు. ఆళ్లగడ్డలో మా మేనత్త ఇంటి వసారాలో అంటే నవ్వుతారు. నవ్వనీ, నాకేం!

మా అత్త ఏడో తరగతితోనే బడి మానేసింది. అయినా ఆమె చదివినన్ని డిటెక్టివ్ నవలలు నేను చదవలేదు. ఏటా విత్తనం వేసే ముందు వాళ్లింట్లో వేరుశెనగ బుడ్డలు వొలుస్తారు. మిషన్లో వేస్తే పప్పు పగిలి మొలక రాదని చేతుల్తోనే వొలిపిస్తారు. ఏడెనిమిది మంది ఆడోళ్లు చుట్టూ కూర్చుంటే, అత్త నడుమ కూర్చోని నవల పైకి చదువుతాది. హంతకుడు తలుపు తీసేకాడ పుస్తకం టప్పున మూసి, "మిగతాది రేపు" అంటాది. వాళ్లు తిట్లు లంకించుకుంటారు. మర్నాడు మాత్రం ఒక్కరూ పని ఎగ్గొట్టరు. అబ్బా, ఏం తెలివి! అధ్యాయం యాడ ఆపాలో నాకు తెలిసింది ఆమె దగ్గరే.

నంద్యాలలో కూర్చోని నేను రాసిన రెండు నవలలూ తిరిగొచ్చినాయి. పోయినేడు మూడోది రాసినా. ఇదీ తిరిగొస్తే పెన్ను ముట్టనని ఇంట్లో చెప్పేసినా. పంపే ముందు కాయితాలు సంచిలో పెట్టుకొని ఆళ్లగడ్డ బస్సెక్కినా.

బుడ్డలు వొలిచే ఆడోళ్ల నడుమ కూర్చోని అత్త దాన్ని పైకి చదవబట్టింది. కథలో ఒక పెద్ద రైతును సొంత తమ్ముడే చంపుతాడు. ఆ సంగతి చివరి దాకా దాచినా. పక్కచేని ఆయన వట్టి అమాయకుడు. హత్య జరిగిన దినం పొద్దంతా ఇంట్లో బుడ్డలు వొలుస్తాంటినని పోలీసులకు చెప్తాడు. సాయంత్రం సంగటిలో పచ్చిమిరపకాయలు నూరి చేసిన ఊరిబిండి కలుపుకొని కమ్మగా తింటాడు.

ఒకామె చెయ్యెత్తి, "ఆపమ్మా, వీడే చంపినోడు" అనింది.

నాకు తిక్క రేగింది. "ఎట్ల చెప్తాండావ్?" అన్నా.

ఆమె బొటనవేలు చూపిచ్చింది. కొన చర్మమంతా లేచి ఎర్రగా ఉండాది. "పొద్దంతా వొలిచిన చేత్తో కారం కలిపితే ప్రాణం పోతాది. ఈ పది దినాలూ మేం స్పూన్లతో తింటాం. వీడు కమ్మగా తిన్నాడంట! వొలిచిందీ లేదు, పాడూ లేదు."

అందరూ తలలూపినారు. అత్త కాయితాలు నా ఒళ్లో పడేసి, "నీ కథకన్నా నీ తప్పే బాగుండాది. పోయి తిరగరాయ్ పో" అనింది.

రోషంగానే ఇల్లు చేరినా. రోషం దిగినాక చూస్తే ఆమె మాటే నిజం. తమ్ముణ్ణి వదిలి పక్కచేని ఆయన్నే హంతకుణ్ణి చేసి మొత్తం తిరగరాసి పంపినా.

మొన్న ప్రచురణకర్త ఫోన్ చేసి, నవల అచ్చేస్తామన్నాడు. "ఆ కారం సంగతి అద్భుతం సార్. ఎట్ల తట్టింది?" అని అడిగినాడు. "ఏదో, అట్ల తట్టిందండీ" అనేసినా. ఫోన్ పెట్టినాక సిగ్గుతో చచ్చిపోయినా.

మర్నాడే ఆళ్లగడ్డ పోయినా. ఈ ఏటి బుడ్డలు వొలుస్తాండారు. పుస్తకం అచ్చవుతాందని, మీ తెలివి నాదేనని ప్రచురణకర్తతో చెప్పుకున్నానని అందరి ముందరా ఒప్పుకున్నా.

అత్త పకపకా నవ్వింది. "ఒక్క అబద్ధం ఒక దినం దాచుకోలేకపోతివే! నువ్వేం సస్పెన్సు రాస్తావ్ రా?"

తర్వాత నవ్వాపి, "ఆ అచ్చేసే ఆయప్పకు ఫోన్ కొట్టు. మేమూ వింటాం" అనింది.