మూడు గళ్ళ పగ

ఆగస్టు నెల రెండో శుక్రవారం, ఉదయం పదీ ఇరవై. రాత్రి కురిసిన వాన ఆగిపోయినా ఆదోని మీద మబ్బు ఇంకా విడవలేదు, గాలి లేదు. బస్టాండు వెనక సందులో, ఒక కంప్యూటర్ రిపేరు షాపుకు సరిగ్గా ఎదురుగా ఉన్న టీకొట్టు బల్ల మీద నేను కూర్చున్నాను. నా సంచిలో నాలుగు వస్తువులు ఉన్నాయి: పదకొండేళ్ళ నాటి నా ల్యాప్‌టాప్, దానిని టీవీకి కలిపే తీగ, కళ్ళజోడు మరలు బిగించే చిన్న స్క్రూడ్రైవరు, ఒక పాత ఇంగువ డబ్బా. ఆ షాపు యజమాని నా మీద వేసిన ఒక మాటను అతని నోటితోనే వెనక్కి తీయించడానికి ఎమ్మిగనూరులో బస్సెక్కి వచ్చాను. అది మొదటి శుక్రవారం; ఎన్ని శుక్రవారాలు పట్టినా సరే, రావాలని నిశ్చయించుకొనే వచ్చాను.

మాది మగ్గం పని కుటుంబం. నేను స్వయంగా నేసినది తక్కువ. చీర అంచులకూ కొంగులకూ నమూనాలు గీయడం నా పని. ఇరవై ఏడేళ్ళు గళ్ళ కాగితం మీద గీశాను, తర్వాతి పదకొండేళ్ళు ఈ ల్యాప్‌టాప్ మీద గీశాను. మా లెక్కలో గడికి నాలుగు పోగులు. నేను గీసినదాన్ని బట్టి జకార్డు అట్టలకు రంధ్రాలు పడతాయి, ఆ రంధ్రాలను బట్టి మగ్గం మీద పోగులు లేస్తాయి. కాబట్టి నమూనాలో ఒక గడి తప్పితే ఆ అట్టలతో నేసిన ప్రతి చీరలోనూ తప్పుతుంది. ముప్పై ఎనిమిదేళ్ళలో నా గడి తప్పలేదు.

మార్చిలో ల్యాప్‌టాప్ జబ్బు పడింది. పని మధ్యలో తెర బిగుసుకుపోయేది. దాని మీద ఆకుపచ్చ గీతలు అడ్డంగా పరుచుకునేవి. ఒక నిమిషానికి మళ్ళీ తేరుకునేది. ఆదోనిలో ఆ షాపుకు తీసుకుపోతే, అతడు మూత తెరిచి మూసి, "తెర పోయినాది పెద్దాయనా, కొత్తది ఏస్తా" అన్నాడు. వేశాడు. ఫ్యాను కూడా శుభ్రం చేశానని చెప్పాడు. ఇంటికి తెచ్చిన మూడో రోజున గీతలు మళ్ళీ వచ్చాయి.

ఏప్రిల్‌లో నేతగాళ్ళ సంఘానికి నెమలి అంచు ఒకటి గీశాను. నెమలి తలను దాని చోట పెడుతుండగా తెర ఆగింది. కదలడం లేదు కదా అని బాణం గుర్తు మీట మూడుసార్లు నొక్కాను. ఏమీ జరగలేదు. గీతలు పోయాక చూస్తే బొమ్మ సరిగానే ఉంది. దాచి, పెన్‌డ్రైవులో వేసి సంఘానికి ఇచ్చాను. అసలు జరిగినది వేరు. ఆగినది తెర మాత్రమే, లోపల యంత్రం ఆగలేదు. మూడు నొక్కులకూ అది తలను మూడు గళ్ళు జరిపింది. గీతలు పోయాక కూడా తెర నాకు చూపించినది అంతకుముందరి బొమ్మే. పన్నెండు చీరలు నేసిన తర్వాత ఒక నేతగాడు కనిపెట్టాడు: ప్రతి నెమలికీ తల మెడను విడిచి పన్నెండు పోగులు పక్కకు పోయి ఉంది.

సంఘం కార్యదర్శి నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. నన్ను పిలిపించాడు. తెర ఆగిన సంగతి చెప్పాను. అతడు ఆ షాపుకు ఫోను చేసి, అందరికీ వినిపించేలా బల్ల మీద పెట్టాడు. గదిలో నలుగురు నేతగాళ్ళు ఉన్నారు.

"అన్నా, మా పెద్దాయన మిషను నువ్వే కదా బాగు సేసినావు? ఇంగా ఆగిపోతాందంటాడే?"

"మిషనుకు ఏ రోగమూ ల్యాదన్నా. కొత్త తెర ఏసినా. పెద్దాయనకే సూపు తగ్గిండాది. ఆయప్ప కండ్లకు మార్సేకి నా తాన తెర ల్యాకపాయె, ఏం సేద్దాం?"

నలుగురూ నవ్వారు. కార్యదర్శి నవ్వలేదు, నా వైపు జాలిగా చూశాడు. ఆ జాలి నాకు ఎక్కువ మండింది. వారం తిరగకముందే అంచుల పని ఇంకొకరికి పోయింది.

ఆదోనిలోనే కళ్ళ పరీక్ష చేయించుకున్నాను. అద్దాలతో చివరి వరుస వరకు చదివాను. ఆ కాగితం తీసుకుపోయి చూపిస్తే కార్యదర్శి మెల్లగా అన్నాడు, "అచ్చరాలు సదివేది యేరు, గళ్ళు లెక్కబెట్టేది యేరు కదా పెద్దాయనా. మిషన్లు తెలిసినాయప్పే సెప్పినాడు, నేనేం సేసేది?" అతడు డాక్టరును నమ్మడు, నన్ను నమ్మడు. షాపువాడు చెప్పినది తిరిగి షాపువాడే కాదంటే తప్ప నా పని నాకు రాదు. అది ఆ రోజే అర్థమైంది.

ముందుగా జబ్బు ఎక్కడుందో తేల్చాలి. మగ్గం దగ్గర మాకొక పద్ధతి ఉంది. గుడ్డలో లోపం కనిపిస్తే నేతగాణ్ణి తిట్టం. మూరకర్ర తీసుకొని, ఒక లోపానికీ ఇంకో లోపానికీ మధ్య ఎంత దూరమో కొలుస్తాం. దూరం సమానంగా ఉంటే తప్పు మగ్గానిది, హెచ్చుతగ్గులుగా ఉంటే చేతిది. నేను గడియారం పెట్టుకొని ల్యాప్‌టాప్‌ను అలాగే కొలిచాను. ఉత్తరం టైపు చేస్తే గంటసేపైనా ఆగదు. నమూనా పెద్దది చేసి పెడితే పదకొండు నిమిషాలకు ఆగుతుంది. ఒకటి అటూ ఇటూ, అంతే. సేఫ్ మోడ్‌లో, అంటే తెరకు బొమ్మ పంపే గ్రాఫిక్స్ డ్రైవరు పనిచేయకుండా యంత్రాన్ని నడిపితే, అసలు ఆగదు. దూరం సమానంగా ఉంది. తప్పు నా చేతిది కాదు, కంటిది కాదు.

తర్వాత ఇంట్లో టీవీకి తీగ కలిపాను. ఒకే బొమ్మ రెండు చోట్లా కనిపించేలా పెట్టి పదకొండు నిమిషాలు ఆగాను. ఆకుపచ్చ గీతలు ల్యాప్‌టాప్ మీదా వచ్చాయి, టీవీ మీదా వచ్చాయి. తెర నిజంగా పోయి ఉంటే టీవీలో బొమ్మ శుభ్రంగా ఉండాలి. అంటే జబ్బు లోపల ఉంది. అంటే షాపువాడు మార్చిన నా పాత తెర బాగున్న తెర.

ల్యాప్‌టాప్ కింద నూలు చుట్టే ఖాళీ కండెలు రెండు పెట్టి ఎత్తుగా ఉంచాను. గాలి ఆడింది, పదకొండు నిమిషాలు ఇరవై ఆరయ్యాయి. వేడి సంగతి అలా బయటపడింది. మరలు విప్పాను. ఫ్యాను గాలి బయటికి పోయే సందులో నూలు పీచు, దుమ్ము కలిసి గట్టిపడి, చిన్న కంబళి ముక్కలా అడ్డుగా నిలిచి ఉన్నాయి. మగ్గం ఉన్న ఇంట్లో పదకొండేళ్ళ పీచు. ఫ్యాను శుభ్రం చేశానన్నవాడు దాని ముఖం కూడా చూడలేదు. చిరగకుండా తీసి ఇంగువ డబ్బాలో పెట్టాను. కొత్త గ్రాఫిక్స్ డ్రైవరును తీసేసి, ఇబ్బంది పెట్టని పాతదానికి తిప్పాను. ఆ రోజు నుంచి ల్యాప్‌టాప్ ఆగలేదు.

జూలైలో డబ్బా పట్టుకొని షాపుకు పోయాను. లోపల ముగ్గురు గిరాకీలు ఉన్నారు. అతడు డబ్బాలోకి తొంగి చూసి, "ఆదోనిలో దూది యాడ ల్యాదు పెద్దాయనా? నా ముక్కులో గూడా ఉంటాది, సూస్తావా?" అన్నాడు. ముగ్గురూ నవ్వారు. నేను బయటికి వచ్చి, ఎదురుగా టీకొట్టులో గోడకు తగిలించిన టీవీని చూశాను.

టీకొట్టు నడిపే ఆమెను ఆ సందులో అందరూ ఖాలా, అంటే పిన్నమ్మ, అంటారు. ఆ టీవీకి నా తీగ కలుపుకోనిమ్మని అడిగితే ఆమె ఒకటే షరతు పెట్టింది. "సీరియల్ నడిసేటప్పుడు ముట్టుకోవద్దు. బ్రేక్ వస్తే పెట్టుకో. బ్రేక్ అయిపోతానే తీసేయాల." ఒప్పుకున్నాను.

షాపు పది గంటలకు తెరుచుకుంటుంది. సంచితో వచ్చేవాళ్ళు ముందు ఖాలా దగ్గర టీ తాగుతారు. తెర సమస్యా అని అడుగుతాను. అవునంటే, లోపలికి పోయే ముందు ఒక్క బ్రేక్ ఆగమంటాను. తీగ కలిపి, టీవీలో బొమ్మ ఎలా ఉందో వాళ్ళకే చూపిస్తాను. టీవీలో కూడా గీతలు వస్తే, "మీ తెర బాగుండాదప్పా, మార్పించొద్దు" అంటాను. ఊది శుభ్రం చేస్తే సరిపోయేవి అక్కడే చేసి పంపాను. మిగతావాళ్ళకు మార్కెట్ వీధిలో ఇంకో షాపు దారి చెప్పాను. ఒక్కొక్కరు సంచి భుజాన వేసుకొని వెనక్కి తిరిగినప్పుడల్లా షాపువాడి ముఖం చూసేవాణ్ణి. చూడాలనే కూర్చున్నాను.

మొదట్లో అతడికి అది తమాషా. "ఏం పెద్దాయనా, బస్సు పాసు తీసుకున్నావా?" అని అక్కడి నుంచే కేకవేసేవాడు. కౌతాళం నుంచి వచ్చిన ఒకాయన, తెలుగు సగం కన్నడం సగం మాట్లాడే మనిషి, టీవీలో గీతలు చూసి నేరుగా షాపు గుమ్మం దగ్గరికి పోయి, "ఏన్రీ, పోయిన నెల మా తమ్మునికీ తెర పోయిందనే సెప్పినారు కదా?" అని గట్టిగా అడిగాడు. ఆ తర్వాత కేకలు ఆగాయి. అయిదో శుక్రవారం షాపువాడు ఖాలా దగ్గరికి వచ్చి నన్ను లేపేయమన్నాడు.

"ఆయన మూడు టీలు తాగుతాడు," అంది ఆమె. "నువ్వు ఒకటి తాగి రేపు ఇస్తానంటావు. ఎవర్ని లేపాల?"

అయితే ఒక విషయం నాకే మింగుడు పడలేదు. కొందరి తెరలు నిజంగానే పోయి ఉండేవి. గోనెగండ్ల దగ్గరి పల్లె నుంచి ఒక పాస్టరు గారు చర్చిలో పాటలు చూపించే ల్యాప్‌టాప్ తెచ్చారు. టీవీలో బొమ్మ అద్దంలా ఉంది, ల్యాప్‌టాప్ తెర మాత్రం సగం నలుపు. వాళ్ళను కూడా తిప్పి పంపితే అతడికి ఇంకా నష్టం. ఆ ఆలోచన రాలేదని అనను. కానీ తప్పుడు కొలతతో పగ తీర్చుకుంటే వాడికీ నాకూ తేడా ఏముంది? "తెరే పోయింది, లోపలికి పోండి, తెర ఒక్కటే మార్చమనండి," అని నా నోటితోనే పంపాను. అలా పంపిన ప్రతిసారీ ఆ టీ నాకు చేదుగా ఉండేది.

పదో శుక్రవారం, దసరా దాటిన తర్వాత, ఒక ఫొటోగ్రాఫరు వచ్చాడు. దేవరగట్టు జాతరలో కర్రల సమరం తీయడానికి పోయి, జనం తోపులాటలో సంచి కిందపడి నలిగిందట. మూత తెరిస్తే తెర సాలెగూడులా పగిలి ఉంది.

"దీనికి బ్రేక్ అక్కర్లేదు," అంది ఖాలా.

అయినా తీగ కలిపి చూశాను. టీవీలో బొమ్మ బాగుంది. అతణ్ణి సందు దాటి షాపుకు పొమ్మన్నాను. షాపువాడు ల్యాప్‌టాప్ అందుకొని, మూత కూడా తెరవకుండా, నా వైపు తలెత్తి అడిగాడు, "తెరేనా పెద్దాయనా?"

"తెరే."

అతడు వెనక్కి తిరిగి అర నుంచి కొత్త తెర తీశాడు. నేను బల్ల మీద నుంచి లేచాను. పది శుక్రవారాలలో ఆ గుమ్మం ఎక్కడం అదే మొదటిసారి.

"నేను పంపినవి ఎన్ని ఇప్పటికి?" అన్నాను.

"ఇదీ కలిపితే ఆరు."

"ఎన్నింటిని నువ్వు మళ్ళా పరీచ్చ సేసినావు?"

అతడు తెర అట్టపెట్టె చింపడం ఆపాడు.

"నువ్వు సెప్పినంక ఇంగేం సేసేది పెద్దాయనా," అన్నాడు. మాట నోట్లోంచి వచ్చాక గాని అది ఎటు పోయిందో అతడికి తెలియలేదు.

"ఆరుసార్లు నా సూపు నమ్మి తెర ఏసినావు. మంచిది. మార్చిలో నా మిషన్లో తీసిన పాత తెర యాడ?"

"అది... ఎవరికో ఏసినా."

"పన్జేస్తాందా?"

ఫొటోగ్రాఫరు ఒకసారి నా వైపూ ఒకసారి అతని వైపూ చూశాడు. గుమ్మం బయట ఖాలా, ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. లోపలికి రమ్మని నేను ఎవరినీ పిలవలేదు; పొమ్మనీ అనలేదు.

"ఫోను తీయి, మా కార్యదర్శికి కలుపు," అన్నాను. "గట్టిగా వినిపించేటట్టు పెట్టు. ఆ పొద్దు ఆయన పెట్టినట్టే."

అతడు చాలాసేపు ఫోను చేతిలో తిప్పాడు. నాకు జాలి కలగలేదు. చివరికి కలిపాడు.

"అన్నా, నేనే, ఆదోని షాపు. మీ పెద్దాయన సూపు బాగుండాది."

"అంతేనా?" అన్నాను.

"తప్పు మిషన్‌ది. తెర ఆగింది నిజమే. నేను మార్సిన తెర గూడా... మార్సే పని ల్యాకుండె."

అవతల నుంచి కార్యదర్శి అడిగాడు, "పెద్దాయన ఆడే ఉండాడా?"

"ఈడే ఉండా," అన్నాను.

"ఆ పొద్దు ఉన్న నలుగుర్నీ సోమవారం రమ్మంటా. వాళ్ళ ముందరే కొంగు పని ఒకటి ఇస్తా. రాండి పెద్దాయనా."

షాపువాడు ఫోను పెట్టేసి నుదురు తుడుచుకున్నాడు. "ఇంగ వచ్చే శుక్రవారం రావు కదా?" అని అడిగాడు.

"నా పాత తెర దొరికినాదని కబురు పెట్టు, వస్తా," అన్నాను. పన్నెండున్నర బస్సుకు ఎమ్మిగనూరు వెళ్ళిపోయాను. ఆదోని దాటేసరికి ఎండ కాచింది.

సోమవారం సంఘం గదిలో ఆ నలుగురి ముందు కార్యదర్శి పని నా చేతికిచ్చాడు. ఎవరూ నవ్వలేదు. కొంగు నమూనా తొమ్మిది రోజుల్లో పూర్తి చేసి ఇచ్చాను. పాత తెర గురించి కబురు ఇంతవరకు రాలేదు.

పది శుక్రవారాలలో బల్ల మీదికి వచ్చిన ల్యాప్‌టాప్‌లు పదిహేడు. వాటిలో తెర పోయినవి ఆరు, తెర బాగున్నవి పదకొండు. నాదాన్ని కలిపితే బాగున్నవి పన్నెండు.