జోజప్ప మేస్త్రీ వేసిన బూడిద రోడ్డు

తిరువూరు నుంచి వినగడప పోయే దారిలో ఒక పల్లం ఉంది. ఏటా వానలకు అక్కడ రోడ్డు కుంగేది. ఏటా లారీలకొద్దీ రాయి, గ్రావెలు పోసేవారు. పోసిందంతా ఆ మెత్తని రేగడి మింగేది. అయినా మా రోడ్ల ఆఫీసుకు విసుగు లేదు. ఇంకాస్త బరువు పెడితే నేలే సిగ్గుపడి గట్టిపడుతుందని వాళ్ల నమ్మకం. కుంగినప్పుడల్లా తిట్లు మాత్రం గ్యాంగు మేస్త్రీ జోజప్పకు.

డెబ్బై నాలుగులో సీతారామారావు అనే కొత్త ఇంజనీరు వచ్చాడు. ఈసారి కుంగితే మేస్త్రీని తీసేస్తానని వచ్చీ రాగానే చెప్పాడు. ఇరవై ఏళ్లుగా రోడ్డు పని తప్ప మరొకటి ఎరగని జోజప్పకు నిజంగానే గుండె జారింది.

"బురద మనిషినే మొయ్యలేదండి, కొండనేం మోస్తుంది? తేలికైంది పోద్దామండి" అన్నాడు ఇంజనీరుతో.

తేలికైనదంటే రైసుమిల్లు వెనక గుట్టలుగా పడున్న ఊక బూడిద. అడుగున తాటిమట్టలు పరిచాడు. బూడిదను తడిపి దిమ్మిస కొట్టించి, రెండు పక్కలా బంకమట్టి కట్టి, పైన గ్రావెలు వేయించాడు. బూడిదలో పోసిన పన్నీరేనని ఆఫీసంతా నవ్వింది. వానలు వచ్చి వెళ్లాయి, రోడ్డు కదలలేదు. నవ్విన నోళ్లే అదంతా ఇంజనీరుగారి తెలివి అన్నాయి. ఆయనా కాదనలేదు.

అంతటితో ఊరుకున్నారా? ఆ పల్లంలోనే రోడ్డు అంచున పెద్ద రాతిదిమ్మె కట్టి, ఇంజనీరుగారి పేరుతో శిలాఫలకం పెట్టాలనుకున్నారు. జోజప్ప వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇక్కడ బరువు వద్దండి. అవతల గట్టినేల మీద పెట్టించండి."

"నా పేరు ఎక్కడ పెట్టాలో నువ్వు చెబుతావా?" అన్నాడు ఇంజనీరు.

మరుసటి వానలకు దిమ్మె ఒరిగి, రోడ్డు అంచును రెండు గజాల మేర లాక్కుని బురదలోకి దిగింది. విచారణ జరిగింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పాపమంతా జోజప్ప ఒక్కడి పిడికిట్లోనే పెట్టారు. సర్కారు రోడ్డులో బూడిద పోసినందుకు పనిలోంచి తీసేస్తూ కాగితం ఇచ్చారు. దిమ్మె సంగతి ఆ కాగితంలో ఎక్కడా లేదు. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

జోజప్ప ఆ కాగితం జేబులో పెట్టుకుని, వినగడపలో తన ఇంటికి బస్సెక్కాడు. లోపల కాలు పెట్టే చోటు లేదు, టాపు మీద బస్తాలు. పల్లం దగ్గరికి వచ్చేసరికి ఆయన ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. దిమ్మె దిగిన చోటు పక్కనుంచే బస్సు కుదుపైనా లేకుండా దాటిపోయింది.