వంకర మిరపకాయ

2023 వేసవి. చిలకలూరిపేట దాటాక హైవే పక్కన ఒక కారం మిల్లు. నేను గుంటూరులో యంత్రాలు తయారుచేసే చిన్న కంపెనీలో సిమ్యులేషన్ ఇంజినీర్‌ని. యంత్రం కట్టకముందే అందులో సరుకు ఎలా కదులుతుందో కంప్యూటర్‌లో చూసి చెప్పడం నా పని.

మిల్లులో ఎండుమిరపకాయలు పోసే పెద్ద తొట్టిని హాపర్ అంటారు. దానికి అడుగున సన్నటి మూతి, మూతి కింద కాయల్ని గ్రైండర్‌లోకి తోసే స్క్రూ. మూతి దగ్గర కాయలు మాటిమాటికీ ఇరుక్కునేవి. అక్కడ ఏళ్ల తరబడి పనిచేస్తున్న రత్నమ్మగారు చెయ్యి పెట్టి కెలికేవారు. ఒకరోజు ఆమె చీర మీద తొడుక్కున్న చొక్కా చెయ్యి స్క్రూకి చుట్టుకుంది. గుడ్డ చిరగబట్టి చెయ్యి దక్కింది కానీ, మోచేతి దాకా కమిలిపోయింది. మళ్లీ చెయ్యి దూరకుండా మూతి మీద ఇనప జాలీ బిగిస్తే కాయలు జాలీ మీదే పేరుకుపోయాయి. అప్పుడు ఓనరుగారు మాకు ఫోన్ చేశారు.

మా సాఫ్ట్‌వేర్‌కి తేలిగ్గా లొంగే ఆకారం గోళం. వేరే ఆకారం కావాలంటే చిన్న చిన్న గోళాల్ని ఒకదానికొకటి అతికించాలి. అలా కట్టినదాన్ని క్లంప్ అంటాం. నేను ఎనిమిది గోళాల్ని వరసగా అతికించి, ఇదే మిరపకాయ అనుకున్నాను. తెర మీద ఒక్క సెకను ప్రవాహం లెక్కకట్టడానికి కంప్యూటర్‌కి గంటలు పట్టేది. కాయలు నీళ్లలో మునుగుతున్నట్టు మెల్లగా, చప్పుడు లేకుండా దిగేవి. మధ్యాహ్నాలు చూస్తూ చూస్తూ మగతలోకి జారేదాన్ని. కళ్లు మూసుకున్నా ఎర్రగా ఏదో రాలుతూనే ఉండేది.

కానీ నా తొట్టిలో ఒక్క కాయా ఇరుక్కోలేదు. ఆ వీడియో పట్టుకుని మిల్లుకెళ్లాను.

రత్నమ్మగారు ల్యాప్‌టాప్ మీదికి వంగి చూశారు. చేతికి ఇంకా కట్టు ఉంది.

"ఇవి మిరపకాయలా మేడంగారూ? పెసలు జారినట్టు జారిపోతున్నాయే!"

"మరి అసలువి ఎలా ఉంటాయండీ?"

ఆమె బస్తాలోంచి ఒక్క కాయని తొడిమ పట్టుకుని పైకి లేపారు. దానితోపాటు ఇంకో నాలుగు వేలాడుతూ వచ్చాయి.

"కాయ వంకర, తొడిమ కొక్కెం. ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. నా చేతికి తగిలేది ఆ పట్టే."

నా మిరపకాయకి వంకరా లేదు, తొడిమా లేదు. సిగ్గేసింది. ఆరోజు ఆమె పక్కన కూర్చుని కాయలు ఏరించుకున్నాను. కొడవలిలా వంగినవి, మెలి తిరిగినవి, తోక ముడిచినవి వేరువేరు కుప్పలు పోశారు. ఒక్కో రకానికి ఒక్కో క్లంప్ కట్టాను. తొడిమలకి బుల్లి గోళాలు పెట్టాను.

ఈసారి తెర మీద కాయలు మెల్లగా దిగి, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసినట్టు మూతి మీద వంతెన కట్టుకుని ఆగిపోయాయి. పని చెడిందని చూపించే బొమ్మ అది. అయినా ఎంతసేపు చూశానో నాకే తెలీదు.

తర్వాత దారి దొరికింది. గోడల వాలు పెంచాం. గుండ్రటి మూతిని పొడుగాటి చీలికలా మార్చాం. చెయ్యి దూరకుండా స్క్రూ చుట్టూ రేకు కప్పాం.

కొత్త హాపర్ నడిపిన రోజు రత్నమ్మగారు అలవాటుగా దాని పక్కనే నిలబడ్డారు. కాయలు ఆగలేదు. కాసేపటికి ఓనరుగారు స్టూలు తెచ్చి వేశారు. ఆమె కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని తొట్టిలోకి చూస్తూ ఉండిపోయారు.

"ఏంటండీ, ఏమైనా తేడాగా ఉందా?" అని కంగారుగా అడిగాను.

"ఏం లేదమ్మా. కాయలు దిగుతుంటే ఎంత బాగుందో. ఇన్నేళ్లూ చూసే తీరికే లేకపోయింది."

అప్పటినుంచి ఏ పని వచ్చినా గోళాలు అతికించే ముందు, ఆ సరుకుని రోజూ చేత్తో పట్టుకునే మనిషి ఎవరో కనుక్కుని, వాళ్ల పక్కన ఒక పూట కూర్చుంటున్నాను.