పీట జరపొద్దు

మా అత్తగారితో నేను పెట్టుకున్నన్ని గొడవలు ఈ వీధిలో ఏ కోడలూ పెట్టుకుని ఉండదు. అందులో సగం పీట గురించే. పాలు పితికేటప్పుడు కూర్చునే చెక్కపీట అది. జానెడు ఎత్తు ఉంటుంది. దాన్ని కొట్టం గుమ్మానికి కుడిపక్క గోడకు ఆనించి పెట్టాలి. ఊడ్చేటప్పుడు జరిపి మళ్ళీ సరిగ్గా పెట్టకపోయానా, ఇక ఆ రోజు నా పని అయిపోయినట్టే.

"పీట ఏదే?"

"అక్కడే ఉంది కదత్తా, రెండడుగుల అవతల."

"రెండడుగుల అవతల ఉంటే అక్కడ ఉన్నట్టా?"

పీటతో అయిపోయేది కాదు. బకెట్టు రెండో మేకుకే తగిలించాలి. వేడినీళ్ళ బిందె గడప పక్కనే ఉండాలి. ఆవులు కూడా వరస తప్పకూడదు. గుమ్మం దగ్గర ముసలిది, తర్వాత చుక్కది, దాని పక్కన నల్లది, చివర గోడవైపు మొండిది. ఒకసారి గచ్చు పగిలిందని మా ఆయన చుక్కదాన్ని, నల్లదాన్ని అటూ ఇటూ మార్చి కట్టేస్తే ఆవిడ అగ్గిమీద గుగ్గిలమైపోయింది. నాకు ఒళ్ళు మండేది. ఆవులకు లేని పట్టింపు ఈవిడకెందుకు? ఇది పెత్తనం కాక మరేమిటి? ఈ మాట మా అమ్మతో అన్నాను, పక్కింటావిడతో అన్నాను, ఆవిడ వినేలా కూడా అన్నాను.

పని విషయంలో మాత్రం వంక పెట్టలేం, నిజం చెప్పాలి. మామగారు పోయేనాటికి ఈ కొట్టంలో ఉన్నది ఒక్క ఆవు, పైన చిల్లులు పడ్డ రేకులు. మిగతావన్నీ ఆవిడ చేతి మీదుగా పెరిగినవే. తెల్లవారకముందే లేచి, పేడ ఎత్తించి, గచ్చు కడిగించి, అప్పుడు గానీ పీట తీసేది కాదు. దూడను ఒక నిమిషం వదిలి, ఆవు చేపి పాలు దిగగానే పక్కకు లాగి కట్టేది. పొదుగు వేడినీళ్ళతో కడిగి, భుజం మీది తువ్వాలుతో తుడిచి, మొదటి రెండు ధారలు కింద వదిలేసేది. ఆ తర్వాత బకెట్టు నిండేదాకా చేయి ఆగేది కాదు. ఆ చేతులతో పొదుగును ఒకసారి తడిమిందంటే, ఆవుకు ఏ రోగం రాబోతోందో మాకంటే రెండు రోజుల ముందే చెప్పేసేది. నలభై ఏళ్ళు అదే పని. బొటనవేళ్ళ కణుపులు నిమ్మకాయల్లా ఉబ్బిపోయాయి.

పోయినేడాది ఒకసారి కొట్టంలో జారి పడింది. మా ఆయన పట్టుబట్టాడు.

"ఇంక మానేయమ్మా. ఈ వయసులో నీకెందుకీ అవస్థ? హాయిగా కూర్చో."

"కూర్చుని ఏం చేయాలిరా? గోడలు లెక్కపెట్టాలా?" అందావిడ. తర్వాత, "నా చేతిలో ఒక్క పొరపాటు జరగనీ. ఆ రోజు నువ్వు చెప్పక్కర్లేదు, నేనే పీట దిగుతా. అప్పటిదాకా ఈ మాట ఎత్తకు" అంది.

ఆ ఒప్పందంతో మా ఇల్లు సర్దుకుంది. ఆవిడకు ఆ కొట్టం తప్ప వేరే లోకం లేదని మా అందరికీ తెలుసు.

ఇక ఎర్రగుడ్డ సంగతి చెప్పాలి. ఏ ఆవుకైనా డాక్టరు సూది వేస్తే, ఆ మందు పాలలోకి దిగుతుంది. డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ పాలు విడిగా పితికి పారబోయాలి. మామగారి కాలం నుంచి మా ఇంట్లో అలాంటి ఆవు కొమ్ముకు ఎర్రగుడ్డ కడతారు. గుడ్డ కట్టారంటే ఇక నోటితో చెప్పక్కర్లేదు. ఎవరు కొట్టంలోకి వచ్చినా చూసి తెలుసుకుంటారు. మేమెవరం ఆ పద్ధతి తప్పలేదు.

ఆ రోజు సాయంత్రం పాలు తీయడం అయిపోయాక, నీళ్ళకు విప్పినప్పుడు నల్లదాని గిట్టలో ఇనుపముక్క దిగింది. అత్త అప్పటికే నడుంనొప్పి అని పడుకుంది. నాకు జ్వరం, దుప్పటి కప్పుకుని ఉన్నాను. డాక్టరు వచ్చి, ముక్క తీసి, సూది వేసి, మూడు రోజులు పాలు కలపొద్దన్నాడు. మా ఆయన కొమ్ముకు గుడ్డ కట్టి వచ్చి పడుకున్నాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎందుకు చెబుతాడు? గుడ్డ ఉంది కదా.

మర్నాడు నేను లేచేసరికి బాగా తెల్లారిపోయింది. మా ఆయన క్యాను సైకిలుకు కట్టుకుని పాలకేంద్రానికి వెళ్ళిపోయాడు. నేను కొట్టంలోకి అడుగుపెట్టగానే నల్లదాని కొమ్ముకు గుడ్డ కనబడింది. పొదుగు చూస్తే ఖాళీగా ఉంది. పారబోసే బకెట్టు పొడిగా ఉంది.

"అత్తా, నల్లదాన్ని పితికావా?"

"పితక్కుండా ఎలా ఉంటాను?"

"ఆ పాలు?"

"క్యానులో పోశా. ఇంకెక్కడ పోస్తాను?"

"మరి కొమ్ముకు గుడ్డ కట్టి ఉంది కదా!"

ఆవిడ చేతిలో తువ్వాలు అలాగే పట్టుకుని, ముసలిదాని వీపు మీద చేయి వేసి, అక్కణ్ణుంచి చుక్కదాని వీపు మీదికి, అక్కణ్ణుంచి నల్లదాని మెడ మీదికి తడుముకుంటూ వెళ్ళింది. కొమ్ము అందుకుంది. గుడ్డను వేళ్ళతో నలిపి చూసింది.

"ఎప్పుడు కట్టారే?" అంది చిన్నగా.

అప్పుడు చూశాను ఆవిడ ముఖాన్ని. ఆ కళ్ళు గుడ్డ వైపు లేవు. ఎదురుగా ఉన్న గోడ వైపు ఉన్నాయి.

పీట ఎందుకు జరపకూడదో, బకెట్టు రెండో మేకుకే ఎందుకు ఉండాలో, ఆవుల వరస ఎందుకు మారకూడదో అన్నీ ఒక్కసారిగా నెత్తిన పడ్డాయి. బియ్యంలో రాళ్ళు ఏరమంటే "నాకు తీరిక లేదు" అని నా మీదికి తోసిన రోజులు గుర్తొచ్చాయి. సూదిలో దారం ఎక్కించమంటే ఆవిడ విసుక్కున్న రోజులు గుర్తొచ్చాయి. ఆవిణ్ణి ఎన్ని మాటలన్నాను! సిగ్గుతో చచ్చిపోయాను.

"ఎన్నాళ్ళ నుంచి అత్తా?"

"రెండేళ్ళు కావస్తోంది. ముందు పొగలా ఉండేది. ఇప్పుడు వెలుగో చీకటో తెలుస్తుంది, అంతే. ఇన్నాళ్ళూ డాక్టరు వచ్చినప్పుడల్లా పక్కనే ఉండేదాన్ని, నిన్న లేను." తువ్వాలు మడత పెట్టుకుంటూ, "పద, పాలకేంద్రానికి" అంది.

"నువ్వెందుకు, నేను పరిగెత్తుతా. నేనే పితికానని, జ్వరంలో గుడ్డ చూసుకోలేదని చెబుతా. ఎవరికీ ఏమీ తెలియదు."

"నీ చేతి పని మీద మచ్చ వేసుకుంటావా? నోరు మూసుకుని నడు."

ఆవిడ నా భుజం మీద చేయి వేసింది. నేను ఈ ఇంటికొచ్చిన పదకొండేళ్ళలో ఆవిడ నన్ను ఆనుకోవడం అదే మొదటిసారి. రెండు వీధులు అలాగే నడిచాం.

పాలకేంద్రం దగ్గర ఇరవై మంది దాకా ఉన్నారు. మా ఆయన ఖాళీ క్యాను కడుక్కుంటున్నాడు.

"మా పాలు పోసేశారా బాబూ?" అని అడిగింది అత్త.

"ఇప్పుడే పోశాం పెద్దమ్మా, పెద్ద తొట్టిలో కలిపేశాం" అన్నాడు గుమాస్తా.

"వాటిని పంపొద్దు. సూది వేసిన ఆవు పాలు కలిశాయి."

గుమాస్తా చేతిలో కలం ఆగిపోయింది. "ఎవరు పితికారు?" అన్నాడు.

నేను నోరు తెరిచాను. భుజం మీద చేయి గట్టిగా నొక్కింది.

"నేనే. గుడ్డ కట్టే ఉంది. నాకు కనబడలేదు. నాకు కళ్ళు కనబడటం లేదు."

మా ఆయన చేతిలోంచి క్యాను మూత జారి గచ్చు మీద గిరగిరా తిరిగింది. తర్వాత గుమాస్తా తొట్టి కింద మర విప్పాడు. అందరి పాలూ తెల్లగా కాలువలో పడి పోతూ ఉంటే, పొద్దున్నే లేచి పితికి తెచ్చిన వాళ్ళంతా నిలబడి చూశారు. "చూపు లేకుండా పితకడమేంటి, విడ్డూరం!" అందొకావిడ. "ఊరుకో, వచ్చి చెప్పింది నయం" అన్నాడు ఇంకొకాయన. అత్త పాలు మొత్తం పోయేదాకా అక్కడే నిలబడింది. ఆవిడకు ఆ చప్పుడు వినబడుతూనే ఉంది.

ఇంటికొచ్చాక భుజం మీది తువ్వాలు తీసి నా చేతిలో పెట్టింది. "మాటంటే మాటే. ఇక పీట నీది" అంది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?" అని మా ఆయన అడిగాడు.

"చెబితే ఏం చేసేవాడివి?"

"కూర్చోబెట్టేవాణ్ణి."

"అందుకే."

కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. పోయిన చూపు తిరిగి రాదన్నాడు. ఆవిడ వసారాలో మంచం మీద కూర్చోవడం మొదలుపెట్టింది. నేను పితుకుతున్నాను. నా వీలు కొద్దీ కొట్టమంతా మార్చేసుకున్నాను, పీట ఎడమవైపు, బకెట్టు కింద. మొండిది రెండుసార్లు బకెట్టు తన్నేసింది. వసారాలోంచి ఒక్క తిట్టు కూడా రాలేదు. పాలధార చప్పుడు వినబడుతున్నంతసేపూ ఒళ్ళో ఆవిడ చేతులు వాటంతటవే కదులుతూ ఉండేవి. అన్నం సగంలో వదిలేసేది. తిడితే బాగుండునని నాకు ఏడుపొచ్చేది.

పదో రోజు మధ్యాహ్నం మంచం మీంచే కేకేసింది. "దూడ కట్టు తెంపుకుంది, చూడవే!"

పరిగెత్తి చూస్తే నిజమే. దూడ పెరట్లో తిరుగుతోంది. దాని మెడలో చిన్న గంట ఉంది. అది మోగితేనే ఆవిడకు తెలిసింది. తర్వాత ఆ గంట విప్పి, తీసుకెళ్ళి మా ఆయన ముందు పెట్టాను.

"ఇకమీదట సూది పడ్డ ఆవుకు గుడ్డతో పాటు ఇది కూడా కట్టు. మెడకు. తల కదిలిస్తే మోగాలి."

"మళ్ళీ అమ్మను కొట్టంలోకి పంపిస్తావా? ఇంకోసారి అలాగే జరిగితే?"

"జరిగితే నేనే దింపుతా. నువ్వు గుడ్డ కట్టి, నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఒక్క మాట చెప్పకుండా పడుకున్నావే, దాని సంగతేంటి? ఆవిడ చేయి తప్పిందా? పొదుగులో ఏదైనా తేడా ఉంటే ఆ చేతికి తెలిసేది కాదా?"

ఆయన గంట చేతిలోకి తీసుకున్నాడు. ఆవిణ్ణి ఒప్పించడానికి మాత్రం ఇంకో నాలుగు రోజులు పట్టింది. "మాట ఇచ్చానే" అంటుంది. "పొరపాటు జరిగితే దిగుతానన్నావు. ఆ పొరపాటు ఇంటిల్లిపాదిదీ. దిగితే అందరం దిగాలి, ఆవుల్ని ఎవరు పితుకుతారు?" అన్నాను. ఎన్నో రోజుల తర్వాత ఆవిడ పెదవి నవ్వుతో కొంచెం కదిలింది.

మర్నాడు తెల్లవారకముందే లేచాను. బకెట్టు రెండో మేకుకు తగిలించాను. బిందె గడప పక్కన పెట్టాను. పీట తెచ్చి గుమ్మానికి కుడిపక్క గోడకు ఆనించాను. ఆవిడ వచ్చింది. గడప దాటి, కుడిచేయి కిందికి చాచింది. వేళ్ళు గాలిలో ఒక్క క్షణం ఆగి, పక్కకు జరిగి, పీట అంచును పట్టుకున్నాయి.

"బెత్తెడు అవతల పెట్టావే" అంది అత్త.

"రేపట్నుంచి సరిగ్గా పెడతానత్తా" అన్నాను.